అమ్మమ్మ పోయి ఆర్నెల్లు దాటాక

జెర్సీ సిటీలో మన పిల్లల్లో చాలామందికి అమ్మమ్మంటే వీసా మీద వచ్చి కొన్నాళ్లు ఉండి వెళ్లే మనిషి. అమ్మానాన్నలు జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కి న్యూయార్క్ వెళ్తే, బడి నుంచి వచ్చినవాడికి పెరుగన్నం కలిపి పెట్టేది ఆవిడే. ఆ మనిషి గుంటూరులోనో ఖమ్మంలోనో పోతే, మనలో ఒకరం టికెట్ కొనుక్కుని పరిగెడతాం. 2021లో కొవిడ్ ఆంక్షల వల్ల, వెళ్తే తిరిగి రాలేమని చాలామందికి అదీ కుదరలేదు. పిల్లవాడు మాత్రం బడి ఉందని ఇక్కడే ఉండిపోతాడు. ఆఖరి చూపూ లేదు, పెద్దకర్మా లేదు. రోజూ వచ్చే వీడియో కాల్ రావడం మానేస్తుంది, అంతే.

పిల్లలు పొద్దున ఏడ్చి, సాయంత్రం లింకన్ పార్కులో కేరింతలు కొడతారు. అది రాతిగుండె కాదు. మొదటి నెలల్లో కోపం, కడుపునొప్పి, మీ పక్కనే పడుకుంటానని మారాం చేయడం జబ్బేమీ కాదు.

మనవాళ్లు దుఃఖానికి సంవత్సరీకం దాకా గడువిచ్చారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో దీర్ఘకాలిక దుఃఖాన్ని రుగ్మతగా గుర్తించినప్పుడు, పెద్దలకు పెట్టిన గడువూ ఏడాదే. పిల్లలకు మాత్రం ఆరు నెలలు. అయితే గడువు దాటడం ఒక్కటే చాలదు. నెల రోజులుగా దాదాపు రోజూ అమ్మమ్మ మీద బెంగో, ఆమె ఎలా పోయిందన్న ఆలోచనో వదలకుండా ఉండాలి. దాంతోపాటు పోయిందని నమ్మలేకపోవడం, ఆమె ఊసొస్తే తప్పించుకోవడం, మొద్దుబారిపోవడం, స్నేహితుల్లో కలవలేకపోవడం, తీరని ఒంటరితనం లాంటివి కనీసం మూడు కనిపించాలి. చదువో, ఇంట్లో మసలుకోవడమో దెబ్బతినాలి. మన ఆచారానికి మించినదై కూడా ఉండాలి. ఫొటోకు రోజూ దండం పెట్టడం రోగం కాదని డాక్టరుకు మీరే చెప్పాలి. తాతయ్య ఫోన్ చేసినప్పుడల్లా బాత్రూంలోకి దూరి తలుపేసుకోవడం నెలల తరబడి సాగితే, అదీ చెప్పాలి.

"బాగున్నావా?" అని పిల్లవాణ్ని అడిగితే "ఫైన్" అంటాడు. అలా కాదు, కారులో వెళ్తూ, "అమ్మమ్మ ఏ వేళప్పుడు ఎక్కువ గుర్తొస్తుంది? ఆవిడ గుర్తొస్తుందని ఏమైనా మానేశావా?" అని అడగండి. "నేనూ అమ్మమ్మ దగ్గరికి పోతా" అంటే నోరు మూయించకండి. చిన్నపిల్లలు బెంగతో అలా అంటారు, నిజమే. అయినా చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే వాణ్ని ఒంటరిగా వదలకుండా, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ పలుకుతారు.

బళ్లో కౌన్సెలర్‌తో మాట్లాడటం పరువు తక్కువేమీ కాదు. 8 నుంచి 12 తరగతుల్లో దుఃఖం గురించి పాఠం చెప్పాలని న్యూజెర్సీ 2024 జనవరిలో చట్టమే చేసింది.

అన్నట్టు, మీ సంగతేమిటి? పోయింది మీ అమ్మ కదా. మీరు ఏడుస్తారేమోనని పిల్లవాడు తన ఏడుపు దాచుకుంటూ ఉండొచ్చు. హడ్సన్ నదికి అవతల, కొలంబియా యూనివర్సిటీలో కేథరిన్ షియర్ పెద్దల కోసం ఇలాంటి దుఃఖానికే 16 విడతల చికిత్స రూపొందించారు.

పిల్లవాడిలో పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తుంటే, వేసవిలో ఇండియా తీసుకెళ్తే అన్నీ సర్దుకుంటాయని వాయిదా వేయకండి. ఈ వారమే పిల్లల డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.