దీక్షలో దేహాన్ని కనిపెట్టుకుందాం

దేహమే దేవాలయమని మన పెద్దలు చెబుతారు. ఆలయంలో అర్చకస్వామి దీపం కొండెక్కిన తరువాత నూనె పోయరు. ముందుగానే చూసి పోస్తారు. దేహం విషయంలో మాత్రం మనం కళ్లు తిరిగి పడిపోయే వరకు ఆగుతున్నాం. శరన్నవరాత్రుల్లో, భవానీ దీక్షలో, కార్తిక మాసంలో ఉపవాసాలు ఆచరించే భక్తుల్లో రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారిని ఉద్దేశించి ఒక వైద్యుడిగా ఈ నాలుగు మాటలు విన్నవిస్తున్నాను.

కృష్ణా డెల్టా వాసులకు కొలత విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవ హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబరులో ఆ ప్రవాహం 11 లక్షలు దాటడం చూశాం. ఒడ్డున నిలబడి కంటితో చూస్తే ఆ లెక్క తెలియదు. రక్తపోటూ అంతే. ఏ బాధా తెలియనీయకుండానే అది గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తలనొప్పి లేనంత మాత్రాన బీపీ లేదనుకోరాదు.

ఇది పట్టణాల జబ్బని కూడా భావించరాదు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో సంభవించిన మరణాలను పరిశోధకులు పరిశీలించారు. వాటిలో దాదాపు మూడింట ఒక వంతుకు గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని తేలింది.

బీపీ కొలిచే పద్ధతి

మణికట్టుకు కట్టే యంత్రం కంటే మోచేతికి పైన పట్టీ చుట్టే డిజిటల్ యంత్రం నమ్మదగినది. కొలిచే ముందు అరగంట వరకు కాఫీ, టీ, పొగాకు వద్దు. మూత్రవిసర్జన చేసి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, 5 నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో బల్లపై ఉండాలి. నిమిషం వ్యవధితో రెండుసార్లు కొలవండి. ఇలా 7 రోజులు ఉదయం, సాయంత్రం చూసి, తొలిరోజు అంకెలు వదిలి, మిగిలినవాటి సగటు తీయండి. ఆ సగటు 135/85 గాని అంతకు మించి గాని ఉంటే వైద్యుని సంప్రదించండి. మాత్రలను మీకు మీరే పెంచడం, మానడం తగదు.

చక్కెర పరీక్ష

గ్లూకోమీటరు వాడే ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. లడ్డూ ప్రసాదం తిన్న వేలినే గుచ్చితే, వేలికి అంటిన తీపి వల్ల అంకె ఎక్కువగా చూపుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి, ఎండ తగలని చోట ఉంచండి. ఒకరు వాడిన సూదిని మరొకరు ఎన్నడూ వాడరాదు.

దీక్షాకాలంలో జాగ్రత్తలు

ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు మాల ధరించక ముందే వైద్యునితో మాట్లాడాలి. మందు యథాతథంగా వేసుకుని ఆహారం మానితే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తడబాటు కలిగితే వెంటనే పరీక్షించండి. అంకె 70 కంటే తక్కువైతే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పరీక్షించే వీలు లేకపోతే ఆగకుండా ముందు చక్కెర తీసుకోండి. అప్పుడు ఉపవాసం విరమించడం అపచారం కాదు. ప్రాణాన్ని కాపాడుకోవడం తల్లికి అప్రియం కాజాలదు.

పాదరక్షలు లేకుండా ఇంద్రకీలాద్రికి నడిచివచ్చే మధుమేహులు ప్రతి రాత్రీ పాదాలను చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు దిగినా తెలియదు. అరికాలు కనబడకపోతే చిన్న అద్దం చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒకవైపు కాలుచేతులు పట్టుతప్పడం, మాట ముద్దకావడం కనిపిస్తే కొలతలతో కాలయాపన చేయక 108కి ఫోన్ చేయండి.

ఒక విన్నపం

కొలిచిన ప్రతి అంకెనూ తేదీ, వేళతో ఒక నోటుపుస్తకంలో రాసి, వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు చూపండి. ఆసుపత్రిలో ఒక్కసారి చూసిన బీపీ కంటే ఆ పుటలు మాకు ఎక్కువ చెబుతాయి. దాతలకూ ఒక మనవి. బీపీ యంత్రం సుమారు రెండు వేల రూపాయలకు లభిస్తుంది. మీ ఊరి రామాలయంలోనో భజన మందిరంలోనో ఒకటి ఉంచి, వాడుక తెలిసిన ఒకరికి అప్పగిస్తే, ఊరంతటికీ ఉపయోగపడుతుంది. అన్నదానం ఆకలి తీరుస్తుంది. ఈ దానం ఒక ఇంటి పెద్దదిక్కును పక్షవాతం నుంచి కాపాడవచ్చు.

శ్రీ కనకదుర్గమ్మ తల్లి భక్తులందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక!