జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త!



"మా ఇంటి దగ్గర మురుగు కాలువే లేదు, మాకు డెంగీ ఎందుకొస్తుంది?" అని కొందరు అడుగుతుంటారు. డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలోనే పెరుగుతుంది.

మన తొట్లలోనే పుట్టిల్లు

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాలు. నీళ్లు వచ్చిన రోజే డ్రమ్ములు, తొట్లు నింపి పెట్టుకోవడం మనకు తప్పదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, మేడ మీది పగిలిన కుండలు కూడా నిండుతాయి. ఈ దోమకు అవే చాలు.

గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికోసారి 'ఫ్రైడే డ్రై డే' పాటించమనేది అందుకే. అయితే నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు తొట్టి లోపలి గోడకు అంటుకుని, తడి ఆరినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. కాబట్టి గోడలను పీచుతో గట్టిగా రుద్ది, ఆరబెట్టి, నింపాక మూత బిగించండి. పాత నీళ్లు వృథా కాకుండా మొక్కలకు పోయండి.

ఈ దోమ పగలే కుడుతుంది. పిల్లలకు నిండు చేతుల చొక్కా వేయండి.

అసలు ప్రమాదం ఎప్పుడు?

దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు తీవ్ర జ్వరం, తలనొప్పి, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. జ్వరం 2 నుంచి 7 రోజులు ఉంటుంది. అది తగ్గగానే "హమ్మయ్య" అనుకుని బిడ్డను బడికి పంపేస్తాం. కానీ కొందరిలో ఆ తర్వాతి 24 నుంచి 48 గంటలే ప్రమాదకరం. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవచ్చు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి:

• తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు
• చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం
• మగత, విపరీతమైన చిరాకు
• చల్లబడిన చేతులు, కాళ్లు
• ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం

ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. "తెల్లారాక చూద్దాం" అనుకోకండి, 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఏం చేయాలి?

జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, వాటివల్ల రక్తస్రావం పెరగవచ్చు. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేయిస్తారు. ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గిందని కంగారుపడకండి. రక్తస్రావం లేకపోతే చాలామందికి ఎక్కించాల్సిన అవసరం ఉండదు. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని వైద్యం ఆలస్యం చేయకండి.

జ్వరం తగ్గి రెండు రోజులు గడిచి, డాక్టరు సరేనన్నాకే బడికి పంపండి. విషయం క్లాస్ టీచరుకు ఫోన్‌లో చెప్పండి.

పిల్లలకో పని

ఈ శుక్రవారం మీ అబ్బాయికో, అమ్మాయికో టార్చిలైటు ఇచ్చి ఇంట్లోని ప్రతి నీటి పాత్రా చూడమనండి. వంకర్లు తిరుగుతూ కదిలే సన్నని పురుగులు కనిపిస్తే అవే దోమ పిల్లలు. ఎన్ని పాత్రల్లో కనిపించాయో నోటుబుక్కులో రాసుకుని, వచ్చే శుక్రవారం మళ్లీ లెక్కపెట్టమనండి. ఆ లెక్క సున్నాకు వచ్చేదాకా ఆపొద్దు.