చిన్న కారుల సలాలా ప్రయాణం

ఏర్గట్ల.

చిరంజీవి కొడుకుకు, చిన్నాయన దీవించి రాసేది. ఇక్కడ పసుపు ఏసుడు నడుస్తున్నది, కూలోళ్లు దొరుకుడే కష్టమైతున్నది.

నువ్వు కొన్న ఎర్ర కారు ఫొటో వదినె చూపెట్టింది. 2015 తర్వాత మోడల్ మజ్దా ఎంఎక్స్-5, రెండే సీట్లు, మీద మడిచే గుడ్డ టాపు. వానల సీజన్‌ల కోడలితోని దుబాయ్ నుంచి ఒమన్‌ల ఉన్న సలాలా పోతున్నరట. బండి బాగుంది. సుమారు 1,200 కిలోమీటర్ల తొవ్వ, ఇద్దరి సామాను ఆ చిన్న బండిల ఎట్ల పడతదని మీ అమ్మకు రంది. ఇన్నేండ్లు డీసీఎంల పసుపు బస్తాలు లోడ్ చేసి నిజామాబాద్ యార్డుకు తోలినోణ్ని కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్న.

ముందుగాల బట్టలు మంచం మీద కుప్ప పోసి, తర్వాత డిక్కీ తెరిచి చూసుడు వద్దు. మొదలు డిక్కీని కొలువు. ఆ కారుకు డిక్కీ 130 లీటర్లే. విమానంల చేతిల పట్టుకపోయే చిన్న బ్యాగులు రెండు పడతయ్, గంతే. పైంగ మూతి ఇరుకు, లోపల లోతు. జాగా ఉన్నా పెద్ద గట్టి సూట్‌కేసు మూతి దాటి లోపలికి పోదు. చక్రాలు, లాగే కడ్డీ ఉన్న పెట్టెలు ఇంట్లనే ఉంచు. గల్ఫ్ నుంచి వచ్చేటోళ్లు 30 కిలోల కార్టన్‌కు తాడు బిగించి తెచ్చే అలవాటు మనది. ఈ బండికి అది పనికిరాదు. ఒక పెద్ద సంచి కంటే నాలుగు చిన్న మెత్తటి సంచులు మేలు. అవి మూలమూలకూ ఒదుగుతయ్. ఫెరారీ లాంటి బండ్లకు డిక్కీ కొలతకే తోలు సంచులు కుట్టి అమ్ముతరు. అంత ఖరీదు పెట్టేటోళ్లకు కూడా చిక్కు ఇదే అన్నట్టు.

రెండోది బరువు. బస్తాలన్నీ వెనుక డాల దగ్గర ఏస్తే డీసీఎం ముందుభాగం తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతది. నీ బండి టన్ను మీద కొంచెమే తూగుతది, ముందు వెనుక బరువు సమానంగ పడేటట్టు చేసిండ్రు. డిక్కీ వెనుక చక్రాల అవతల ఉంటది. అందుకే బరువైనవి అడుగున, సీట్ల దిక్కు గోడకు ఆనించి పెట్టు. బట్టలు పైన, వెనుక. డోరు తెరిస్తే ఫ్రేమ్‌కు అంటించిన చీటీ కనబడతది. దాని మీద రాసిన గాలి లెక్క చూసి, టైర్లు చల్లగున్నప్పుడే కొట్టించు.

సీట్ల వెనుక సందు ఖాళీగ కనబడుతదని అక్కడ సంచులు కుక్కకు. టాపు మడిచినప్పుడు కూసునే జాగా అదే. దాని వెనుక అద్దం గాజుది, కింద వస్తువు ఉంటే దెబ్బ తగులుతది. కోడలి కాళ్ల దగ్గర కూడా సామాను పెట్టకు, అన్ని గంటలు కాళ్లు ముడుచుకొని ఎవరూ కూసోలేరు. నీ కాళ్ల దగ్గరికి నీళ్ల బాటిల్ దొర్లి బ్రేకు కిందికి పోతే ఏమైతదో చెప్పనక్కర్లేదు. లోపల ఏదీ విడిగ ఉండొద్దు.

డిక్కీ మూత మీద బిగించే స్టాండ్లు అమ్ముతరు. ఎడారి గాలికి, రోజంతా నడిచే స్పీడుకు, తాళం లేని సామానుకు అది నాకు నచ్చలే. మూడో బ్రేకు లైటుకు కూడా అడ్డమైతది.

ఇగ ఏది విడిచిపెట్టినా ఇవి విడువకు. ఆ బండికి స్టెప్నీ ఉండదు, పంక్చర్ మూసే మందు డబ్బా, గాలి పంపు ఇస్తరు. మేకు దిగితే ఆ మందు పనికొస్తది గని టైరు పక్క చీలితే పనికిరాదు. కాబట్టి బయలెల్లే ముందే టైర్లు చూపించు, టోయింగ్ నంబరు రాసిపెట్టుకో. ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు), ఒమన్‌కు చెల్లే ఇన్సూరెన్స్ ఆరెంజ్ కార్డు, పాస్‌పోర్టులు చేతికందేటట్టు ఉండాలె. బార్డర్ కాడ డిక్కీ అంతా దించి ఎతుకుడు బాగుండదు. ఆదం దాటినంక హైమా, తుమ్రైత్ దాకా అంతా ఎడారే. ట్యాంకు 45 లీటర్లే, ముల్లు సగానికి రాంగనె నింపుకో. నీళ్లు మాత్రం లెక్క చూడకుండ పెట్టుకో. రాత్రి ఒంటెలు రోడ్డు మీదికొస్తయ్, చీకటి పడకముందే ఆగుండ్రి. పవర్ బ్యాంకు, సెంటు స్ప్రే ఎండల ఆగిన బండిల ఉంచకు.

బట్టల సంగతి సులువే. తుమ్రైత్ దాటి కొండ దిగంగనె తుంపర, మంచు మొదలైతది. దుబాయ్‌ల 45 డిగ్రీలుంటే అక్కడ 25 దరిదాపుల ఉంటది. ఒక పల్చటి స్వెట్టరు, తడిస్తే మార్చుకునే జత చాలు. మిగతావి అక్కడ ఉతుక్కోవచ్చు.

మీ అమ్మ పంపిన సకినాల గుండ్రని డబ్బా అట్లనే పెట్టకు, చుట్టూ మూలలన్నీ దండగైతయ్. జిప్పు కవర్లలోకి మార్చి, అన్నిటికంటె పైన పెట్టు, లేకపోతే పిండి అయితయ్. మామిడికాయ తొక్కు సీసా ఇంట్లనే ఉండనీ. ఆ నూనె కారితే టాపు గుడ్డకు, సీట్లకు వాసన పోదు. ఈ మాట మీ అమ్మకు నేను చెప్త, నువ్వు చెప్పకు.

పోయేటప్పుడే డిక్కీ నింపెయ్యకు. సలాలా బజారుల లుబాన్ సాంబ్రాణి దొరుకుతది, ఆ ప్రాంతం దానికే పేరు. మాకు ఓ అరకిలో తెచ్చే జాగా ఉంచు.

డిక్కీ లోపలి పొడుగు, వెడల్పు, లోతు, మూతి వెడల్పు టేపుతోని కొలిచి ఫోన్‌ల పంపు. ఆ కొలతకు ఆర్మూర్‌ల సంచులు కుట్టించి, వచ్చే నెల దుబాయ్ పోయే మన ఊరోళ్ల చేతికిస్త. ముందు పేపర్ మీద రాసి, తర్వాత పంపు. తప్పుడు కొలత పంపితే మళ్ల నీకే తిప్పలు.

నీ
చిన్నాయన