పరదేశంలో సెల్‌ఫోన్: ఖర్చు ఎందుకు? పొదుపు ఎలా?

హైదరాబాదు నుండి ఒక కుటుంబం సింగపూరు వెళ్ళిందనుకుందాం. హోటలులో అన్న ఒక గదిలో, చెల్లెలు ప్రక్క గదిలో ఉన్నారు. ఇద్దరి ఫోన్లలోనూ మన దేశపు సిమ్ కార్డులే. "భోజనానికి రా" అని అన్న ఫోను చేశాడు. నడిచి వెళితే పది అడుగులు. కాని ఆ మాట సాధారణంగా సముద్రం దాటి మన దేశానికి పోయి, మళ్ళీ సముద్రం దాటి చెల్లెలి చెవిన పడుతుంది! హైదరాబాదుకూ సింగపూరుకూ మధ్య దూరం సుమారు 3,300 కిలోమీటర్లు. పైగా చేసిన అన్నకూ ఖర్చే, ఎత్తిన చెల్లెలికీ ఖర్చే. ఎందుకిలా జరుగుతుంది?

సిమ్ కార్డు చెప్పే గుర్తు

సిమ్ కార్డులో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో సాధారణంగా 15 అంకెలుంటాయి. మొదటి మూడు అంకెలు దేశాన్ని తెలుపుతాయి. 404, 405 మన దేశానివి, 525 సింగపూరుది. సింగపూరులో ఫోను తెరవగానే అక్కడి కంపెనీ ఆ గుర్తును చూసి, ఇతడు తన చందాదారు కాడని గ్రహించి, మన కంపెనీని విచారిస్తుంది. మన కంపెనీ "మావాడే" అని ఒప్పుకొని, అతడు ఇప్పుడెక్కడున్నాడో తన రిజిస్టరులో వ్రాసుకొంటుంది. దీనినే రోమింగ్ అంటారు.

ఊరు మారినవారు పోస్టాఫీసులో క్రొత్త చిరునామా ఇచ్చి వెళ్ళినట్లే ఇది. ఉత్తరం ముందు పాత ఊరికే పోతుంది. అక్కడి నుండి తిప్పి పంపుతారు. అందుకే గుంటూరు నుండి తాతగారు ఫోను చేస్తే, ఆయనకు పడేది మన దేశంలోని మామూలు రేటే. మిగిలిన దారి ఖర్చు ఎత్తిన మనవడిది.

దూరం ఒక్కటే కారణమా?

కాదు. ఐరోపా సమాఖ్య దేశాలలో 2017 జూన్ 15 నుండి, కొన్ని పరిమితులకు లోబడి, రోమింగ్‌కు అదనపు రుసుము తీసివేశారు. పోర్చుగల్ వాసి పోలెండు వెళ్ళినా ఇంటి రేటే. కనుక ధరను నిర్ణయించడంలో కంపెనీల మధ్య ఒప్పందాలకూ, ప్రభుత్వాల నిబంధనలకూ పెద్ద పాత్ర ఉందని తెలుస్తున్నది.

బిట్ల లెక్క

మాటను సెకనుకు 13,000 బిట్లుగా మార్చి పంపవచ్చు. నిమిషానికి 7,80,000 బిట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక, ఇది సుమారు 98,000 బైట్లు. వీడియో సెకనుకు 10 లక్షల బిట్లు తీసుకొంటే, నిమిషానికి 75 లక్షల బైట్లు, అంటే 7.5 మెగాబైట్లు. మాటకన్నా సుమారు 77 రెట్లు! ఇంటర్నెట్ ద్వారా పంపే మాటకు చిరునామా వంటి అదనపు బిట్లు కలుస్తాయి. అయినా వీడియోతో పోలిస్తే మాట చాలా తేలిక.

పొదుపు మార్గాలు

1. విమానం ఎక్కకముందే డేటా రోమింగ్‌ను ఆపివేయండి. లేకుంటే మీరు ముట్టుకోకపోయినా ఫోనులోని యాప్‌లు తమంతట తామే డేటా వాడుకొంటాయి.

2. ఊరి పటాన్ని ఇంటివద్దనే ఫోనులోకి దించుకోండి. మీరున్న చోటును తెలిపే జి.పి.యస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తునుండి సంకేతాలు పంపుతాయి. ఫోను రేడియోవలె వాటిని వింటుందే గాని, తిరిగి ఏమీ పంపదు. అందుకే దానికి రుసుము లేదు.

3. హోటలులో వై-ఫై ఉంటే దాని ద్వారా మాట్లాడండి. కాని బహిరంగ స్థలాల వై-ఫైలో బ్యాంకు పనులు చేయకండి.

4. ఎక్కువ రోజులుంటే అక్కడి సిమ్ గాని, ఇ-సిమ్ గాని తీసుకోండి. మీరు అక్కడి చందాదారులౌతారు, రోమింగ్ ఉండదు.

5. కొద్దిరోజులకైతే మన కంపెనీ రోమింగ్ ప్యాకు ధరను అక్కడి సిమ్ ధరతో పోల్చి చూడండి. ఎన్ని రోజులు, ఎన్ని మెగాబైట్లు, వచ్చే కాల్స్‌కు రుసుము ఉందా అనేవి ముందే అడగండి.

ఇలా చేసి చూడండి

ఇంట్లో పెద్దల అనుమతితో ఫోను సెట్టింగులు తెరచి, ఏ యాప్ ఎంత డేటా వాడిందో పట్టిక వ్రాయండి. తెరవకుండానే డేటా వాడిన యాప్‌లు ఎన్ని?

ప్రశ్నలు

1. 300 మెగాబైట్ల ప్యాకుతో పైన చెప్పిన వీడియో ఎన్ని నిమిషాలు చూడవచ్చు?

2. అన్న చెల్లెలిని ఖర్చు లేకుండా భోజనానికి పిలవడానికి రెండు మార్గాలు చెప్పండి.