ప్రసంగి గ్రంథములో మాటల లెక్క

గ్రంథమునకు జీవమైన మాట యేదో తెలిసికొనుటకు మాటలను లెక్కించుట యొక యుపాయము. అయితే ఎక్కువగా వచ్చునదే ముఖ్యమనుకొనరాదు. 'మరియు' అనునది ప్రతి పుటలో నుండును. దానివలన మనకేమియు దెలియదు. ఇతర గ్రంథములలో నరుదై, ఒకదానిలో మాత్రము దట్టముగా వచ్చు మాటను వెదకవలెను.

ప్రసంగిని జూడుడు. 'హెబెల్' అను హెబ్రీ మాట పాత నిబంధన యంతట 73 మారులు రాగా, అందు 38 మారులు 12 అధ్యాయముల యీ చిన్న గ్రంథములోనే వచ్చినది. తెలుగు బైబిలులో దానిని 'వ్యర్థము' అనిరి. మూలార్థము ఆవిరి, ఊపిరి. కయీను చంపిన హేబెలు పేరునకు హెబ్రీలో నున్నవియు నీ యక్షరములే. అయితే ఆ పేరు పై లెక్కలో జేరలేదు.

ఈ యర్థభేదము స్వల్పము కాదు. వ్యర్థమనగానే పాటుపడుట దండుగ యని మన బాలురు తలంతురు. ఆవిరి యన్నచో నిలువనిది యని మాత్రమే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని వేరుసెనగ వేయు మన యనంతపురపు రైతు, మబ్బు తేలిపోయినంత మాత్రమున సేద్యము మానునా? ప్రసంగియు 11వ అధ్యాయములో, మబ్బులనే చూచుచుండువానికి కోత లేదనియు, ఉదయ సాయంకాలములు విత్తుచునే యుండవలెననియు బోధించెను.

పై తరగతులవారు 'సూర్యుని క్రింద' అను మాటను గూడ లెక్కింతురుగాక. హెబ్రీలో అది యీ గ్రంథమున 29 మారులు వచ్చును. పాత నిబంధనలో మఱెచ్చటను లేదు.