డిమెన్షియా ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే: చేయవలసినవి, చేయకూడనివి

డిమెన్షియా వచ్చిన మనిషికి ప్రమాదాన్ని పసిగట్టే శక్తి తగ్గిపోతుంది, చేతులకున్న పాత అలవాటు మాత్రం చాలాకాలం పోదు. ఏళ్ళ తరబడి తెల్లవారుజామునే పొయ్యి వెలిగించిన అమ్మ ఇప్పుడూ వెలిగిస్తుంది. పాలు పెట్టిన సంగతే మరచిపోతుంది. "ఎన్నిసార్లు చెప్పాను, పొయ్యి జోలికి వెళ్ళొద్దని!" అని ఎంత గట్టిగా అరిచినా ఆ మాట కాసేపటికి ఆమెకు గుర్తుండదు. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి ఉంటేనే పొయ్యి వెలగదు. జాగ్రత్తపడవలసింది మనం, మార్చవలసింది ఇంటిని.

అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. మతిమరుపును "వయసు మీదపడింది, చాదస్తం" అని కొట్టిపారేయకండి. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, కుంగుబాటు, కొన్ని మందులు కూడా జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి. వీటికి వైద్యం ఉంది. న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో ఒకసారి చూపించి, రక్తపరీక్షలు చేయించాకే అది డిమెన్షియా అనుకోండి.

ఇంట్లో

బాత్రూం తలుపుకు లోపలి గొళ్ళెం తీసేయండి. లోపల పడిపోయి, గొళ్ళెం తీయడం తెలియక ఉండిపోతే తలుపు పగలగొట్టేసరికి ఆలస్యమవుతుంది. కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. గీజర్ నీళ్ళలో చన్నీళ్ళు మీరే బకెట్‌లో కలిపి, చేత్తో చూశాకే స్నానానికి పంపండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. కాళ్ళు తుడుచుకునే నల్లటి పట్టాలు తీసేయండి. వాళ్ళ కంటికి అవి గొయ్యిలా కనబడతాయి, దాటబోయి పడిపోతారు.

ఫినాయిల్‌ను, యాసిడ్‌ను పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచే అలవాటు మన ఇళ్ళలో చాలా ఉంది. ఈరోజే మానండి. సీసాను చూసి తాగేస్తారు. పల్లెల్లో పురుగుమందు డబ్బాలను ఇంట్లో పెట్టనే వద్దు.

దేవుడి గది దగ్గర మరీ జాగ్రత్త. పూజ మాన్పించకండి, అది వాళ్ళకు మిగిలిన కొద్దిపాటి ధైర్యం. దీపం వెలిగించేటప్పుడు పక్కన కూర్చోండి. కొంగు నడుముకు దోపించి, పూజ అయ్యాక కుందిని మీరే అందకుండా పెట్టండి.

మాట్లాడేటప్పుడు

వాళ్ళకు పరీక్ష పెట్టకండి. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వీడియో కాల్ చేసి "నాన్నా, నేనెవరో చెప్పు చూద్దాం" అని అడిగేవాళ్ళు ప్రేమతోనే అడుగుతారు. ఆయనకు మాత్రం అది అవమానం. ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోబోతారు, లేదా ఫోన్ పక్కన పెట్టేస్తారు. "నాన్నా, నేను మీ చిన్నమ్మాయిని" అని మీరే ముందు చెప్పండి. ఆ తర్వాత పొలం గురించో, ఆయన ఉద్యోగం గురించో పాత కబుర్లు తీయండి. అవి ఇంకా ఆయన దగ్గరే ఉంటాయి.

సాయంత్రమయ్యేసరికి చాలామందిలో తికమక, కంగారు పెరుగుతాయి. సొంత ఇంట్లోనే ఉండి "మా ఇంటికి పోతా" అని బయల్దేరతారు. "ఇదే కదా నీ ఇల్లు" అని వాదిస్తే కోపం రెట్టింపవుతుంది. "ఇంటి దగ్గర ఎవరెవరున్నారు?" అని అడగండి, చెప్పనివ్వండి. చెప్పులేసుకుని మీరూ వీధి చివరిదాకా నడిచి వెనక్కి తీసుకురండి. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేస్తే కంగారు కొంత తగ్గుతుంది.

"నా గాజులు కోడలే తీసింది" అన్న మాట ఎన్నో ఇళ్ళలో మనసులు విరిచింది. ఆ మాట జబ్బుది. ఆ కోడలు బాధపడకూడదని చెప్పడం తేలిక, బాధ కలుగుతుంది. అయినా ఎదురు చెప్పకుండా "రండత్తయ్యా, ఇద్దరం వెతుకుదాం" అంటే చాలు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మాత్రం ఆ మాట నమ్మి పంచాయితీ పెట్టకండి.

దారి తప్పితే

పేరు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కార్డు చొక్కా జేబులోనో జాకెట్ లోపలో కుట్టి ఉంచండి. ఈమధ్య తీసిన ఫొటో ఒకటి ఫోన్‌లో ఉండాలి. తిరుమల క్యూలోను, పుష్కరాల రేవులోను, పెళ్ళి హడావుడిలోను ఒక మనిషి ఆ ఒక్కరి చేయి వదలకుండా ఉండాలి. కనబడకపోతే దగ్గర్లోని బావులు, చెరువులు, కాలవలు ముందు చూడండి. తర్వాత పాత ఇల్లు, పాత ఆఫీసు, బస్టాండు. పేరు పెట్టి పిలిచినా పలకకపోవచ్చు. వెతుకుతూనే వెంటనే 112కి ఫోన్ చేయండి. ఒక రోజు ఆగాలన్న నిబంధన ఏదీ లేదు.

ఇంట్లో ఒంటరిగా ఉంచి బయట తాళం వేయకండి. మంచానికి కట్టేయకండి.

తిండి, మందులు

జబ్బు ముదిరేకొద్దీ పొలమారడం ఎక్కువవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, టీవీ ఆపి, చిన్న ముద్దలు పెట్టండి. నోట్లోది మింగాకే మరో ముద్ద. పడుకోబెట్టిగాని, నిద్రమత్తులోగాని తినిపించకండి. పల్లీలు, మరమరాలు, జంతికలు వద్దు.

మందుల డబ్బాకు తాళం ఉండాలి. వేసుకున్న మాత్రలే మళ్ళీ వేసుకుంటారు. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. వాటిలో కొన్ని తికమకను పెంచి, మనిషిని పడేస్తాయి.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోయినా, మగతగా పడి ఉన్నా, లేనివి కనబడుతున్నాయన్నా "జబ్బు ముదిరింది" అనుకుని ఊరుకోకండి. డిమెన్షియా సాధారణంగా అంత వేగంగా ముదరదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, షుగర్ పడిపోవడం కారణం కావచ్చు. ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత మార్పు వచ్చినా అంతే. మెదడు చుట్టూ రక్తం మెల్లగా చేరుతూ ఉండవచ్చు.

చూసుకునేవాళ్ళు

నిద్ర లేని మనిషి ఎంత మంచిదైనా ఒకరోజు చేయి చేసుకుంటుంది. అంతదాకా రానివ్వకండి. సలహాకు పెద్దల సహాయ కేంద్రం ఎల్డర్ లైన్ 14567, మనసు బాగా లేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం. ఫోన్ నంబరు రాత్రి కాపలా కాయదు గనక అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఒక విన్నపం: ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు పళ్ళు, స్వీట్లు తీసుకెళ్ళకపోయినా ఫర్వాలేదు. ఒక్క రాత్రి కాపలా మీరు తీసుకుని, రోజూ చూసుకునే ఆ మనిషిని వేరే గదిలో తలుపేసుకుని పడుకోనివ్వండి.