ఛార్జింగ్ పంపుతో జాగ్రత్త

చెల్లెళ్లారా, మన ఊళ్లల్లో ఇప్పుడు మందు కొట్టే పంపులు బ్యాటరీతో నడుస్తున్నవి. చాలా పంపుల్లో సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండే 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కొన్నింటిలో లిథియం బ్యాటరీ. పిన్ను పట్టింది కదా అని ఒకదాని ఛార్జర్ ఇంకోదానికి పెట్టరాదు. సీసం బ్యాటరీ ఛార్జర్ 14 వోల్టులు దాటి ఇస్తుంది. మూడు సెల్లుల లిథియం బ్యాటరీ 12.6 వోల్టులకే నిండుతుంది. ఆపైన ఎక్కిస్తే ఉబ్బుతుంది, మంట కూడా రావచ్చు.

మాది లిథియంది. సంక్రాంతి సెలవుల్లో మా అయ్య పక్కింటి ఛార్జర్ తెచ్చి రాత్రి పెట్టి పండుకున్నాడు. పక్కనే పత్తి కుప్ప! కాలిన వాసనకు అవ్వ లేచింది. నేను స్విచ్ కట్టేసిన. పంపును ముట్టుకోకుండా పత్తినే బయటికి లాగినం. తెల్లారి చూస్తే బ్యాటరీ బూరెలాగ ఉబ్బి ఉంది.

సీసం బ్యాటరీకి కూడా ఛార్జింగ్ ఎక్కువైతే హైడ్రోజన్ వస్తుంది. మేడమ్ ప్రయోగంలో టప్పుమని కాలింది అదే. కాబట్టి పొయ్యి దగ్గర పెట్టొద్దు, గాలి ఆడే చోట పెట్టాలి.

ఛార్జర్ మీద అంతా ఇంగ్లీషే, అయ్యకు చదవరాదు. కొత్త బ్యాటరీ తెచ్చినంక పంపుకు, దాని ఛార్జర్‌కు ఎర్ర దారం కట్టిన.

– 9వ తరగతి విద్యార్థిని